పంచె గులాబీ అగుటకు కారణములు వ్రాయుము

1947 జనవరి 16, గురువారం

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా మార్కండేయులు నన్ను తప్పుపడుతున్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నేను జవాబు చెబుతూనే ఉన్నాను. వినడు. వినకపోగా నవ్వుతాడు. అతను నాకు మేనత్త కొడుకు, పైగా మా చెల్లెలు వెంకటరావమ్మ మొగుడు. ఈ రెండు చుట్టరికాల్లో ఒక్కటి తక్కువైనా ఈపాటికి వాళ్ళ బట్టల కొట్టు ముందు నిలబడి నాలుగు మాటలు అనేసి వచ్చేవాణ్ణి.

ఈ డైరీ నూలు సొసైటీ గుమాస్తా ఇచ్చాడు. ఏడాదిలో పదిహేను రోజులు గడిచాక, ఇంకెవరూ తీసుకోలేదు గనుక నాకు ఇచ్చాడు. నూలు ఇవ్వవయ్యా అంటే కంట్రోలు అంటాడు. కాగితానికి మాత్రం కంట్రోలు లేదు కాబోలు. నాకు యాభై అయిదు దాటాక అక్షరాలు వచ్చాయి. మనవరాలు రావమ్మ ఓనమాలు దిద్దుతుంటే అదే పలక మీద నేనూ దిద్దాను. ఎవరికీ చూపించడానికి కాదు గనుక నా ఇష్టం వచ్చినట్టు రాస్తాను. మగ్గంలో దారం నడిపే నాడెల పెట్టె అడుగున దాస్తాను.

జరిగింది ఇది. 1916లో మార్కండేయులు పెళ్ళి. మా ఇళ్ళల్లో పెళ్ళికొడుకు మధుపర్కాలు మేనమామ మగ్గం మీంచి దిగాలి. తెల్ల పంచెలు, ఎర్ర అంచు. మేనమామ అంటే మా నాన్న. ఆయనకు చూపు ఆనేది కాదు, నేను నేశాను. చెయ్యి పెడితే జారిపోయేట్టు నేశాను. పీటల మీద కన్యాదానం నీళ్ళు పడ్డాయి. అంచు ఎరుపు కదిలింది. తలంబ్రాల వేళకు మోకాళ్ళు దాటింది, ఊరేగింపు వేళకు నడుం దాకా ఎక్కింది. పంచె గులాబీ అయింది. పంచె లోపలి మనిషి కూడా గులాబీ అయ్యాడు. మూడు రోజులు సున్నిపిండి పెట్టి రుద్దినా దిగలేదట. ఆనాటి నుంచి బెజవాడ వన్ టౌన్‌లో అతని పేరు గులాబీ మార్కండేయులు. కొట్టుకు బోర్డు లేకపోయినా ఎవరిని అడిగినా గులాబీ కొట్టు అని చూపిస్తారు. బేరాలకు దాని వల్ల లాభమే తప్ప నష్టం లేదు. అయినా తప్పు నాదేనట.

నేను చెప్పేది ఒకే ఒక్క ముక్క. నిలిచే ఎరుపు జర్మనీ నుంచి వచ్చేది. యుద్ధం వచ్చింది. జర్మనీ రంగు ఆగిపోయింది. బజారులో దొరికిన పొట్లం రంగు వేశాను. కనుక తప్పు యుద్ధానిది.

నిన్న మార్కండేయులు వచ్చాడు. అతని చిన్నకొడుకు ఏడుకొండలు పెళ్ళి ఫిబ్రవరి తొమ్మిది, ఆదివారం. ఆ పిల్లవాడికి నేను మేనమామను. చెప్పాల్సింది చెప్పి, మజ్జిగ తాగి, లేస్తూ లేస్తూ అన్నాడు:

"మధుపర్కాలు కొని తెచ్చుకుంటాం బావా. పెద్దవాడివి, శ్రమపడకు."

నేను బతికి ఉండగా. మగ్గం ఆడుతూ ఉండగా.

జనవరి 17, శుక్రవారం

ఆ ఏడాది ఇంట్లో జర్మనీ ఎరుపు ఒక్క చిటికెడు లేదు. ఈ సంగతి రాసి పెట్టుకుంటున్నాను.

జనవరి 18, శనివారం

కొట్టుకు వెళ్ళాను. మార్కండేయులు గద్దె మీద కూర్చుని చేపలమ్మే శౌరమ్మకు చీరలు చూపిస్తున్నాడు. నన్ను చూసి ఆమెతో, "ఇదిగో, నన్ను పెళ్ళికొడుకును చేసిన మనిషి వచ్చాడు" అన్నాడు.

"అంచు ఎవరూ నాలాగ నేయలేరు. నువ్వే ఒప్పుకున్నావు" అన్నాను.

"నేత గురించి ఎవరన్నారు బావా. రంగు గురించి గదా."

"రంగు యుద్ధం వల్ల పోయింది."

"ఆ యుద్ధం నీ మగ్గం గుంటలో జరిగిందా?"

"జర్మనీలో జరిగింది."

"జర్మనీలో జరిగితే నా కాళ్ళు ఎందుకు ఎర్రబడ్డాయి?"

"రంగు రాలేదు గనక."

"రంగు ఎందుకు రాలేదు?"

"యుద్ధం గనక."

"యుద్ధం ఎందుకు వచ్చింది?"

ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఈ ప్రశ్న అడగటం ఇదే మొదలు. శౌరమ్మ చీర మడతలు వదిలేసి నా మొహం చూస్తోంది.

"చూశావా, నువ్వు చెప్పే కారణానికి కారణం నీకే తెలీదు" అన్నాడు మార్కండేయులు.

"నాకు తెలీకపోతే మా రావమ్మకు తెలుసు. అయిదో ఫారం చదువుతోంది. ప్రపంచ యుద్ధానికి కారణాలని రోజూ పొద్దున్నే వల్లె వేస్తోంది."

"అయితే బడిపిల్లల్నే అడుగు. ముగ్గురు పిల్లలు ఒకే కారణం చెప్పాలి. ఊరికే వల్లె వేస్తే కుదరదు. నువ్వు రంగును తడిపి చూస్తావే, అట్లా తడిపి చూసినా చెదరకూడదు. చెప్పించు, నా కొడుకు నీ మధుపర్కాలే కడతాడు."

"మాటేనా?"

"మాటే."

"నేను విన్నానయ్యా" అంది శౌరమ్మ. "నాకు ఆ ఆకుపచ్చది ఇయ్యి."

తడిపి చూడటం అంటే ఇది. కొత్తగా రంగు వేసిన దారాన్ని తడిపి, తెల్లగుడ్డలో చుట్టి, మీద రాయి పెట్టి, ఒక రోజు వదిలేయాలి. విప్పినప్పుడు గుడ్డ తెల్లగా ఉంటే రంగు నిలిచినట్టు. నాన్న నేర్పాడు. నేను తడిపి చూడకుండా ఏ దారమూ మగ్గం ఎక్కించను. తొందర పనుల సంగతి వేరు.

జనవరి 20, సోమవారం

బడికి వెళ్ళాను. గుమ్మం దగ్గర బంట్రోతు ఎవరు కావాలి అన్నాడు. ప్రపంచ యుద్ధం పని మీద వచ్చాను అన్నాను. దారి ఇచ్చాడు.

చరిత్ర చెప్పే ఆయన జానకిరామయ్య మాస్టారు. బక్క మనిషి, మీసాల మీద సుద్దపొడి. నా గొడవంతా నిలబడి విన్నాడు. నవ్వలేదు. అందుకు ఆయనంటే గౌరవం కలిగింది.

"చౌడయ్య గారూ, మీ బాధ నాక్కూడా ఉందండి" అన్నాడు.

"మీ పంచె కూడా కదిలిందా?"

"పంచె కాదండీ. మొన్నటి పరీక్షలో యుద్ధ కారణాలు ఇచ్చాను. నలభై రెండు పేపర్లు. అన్నిట్లో ఆరు కారణాలు, ఒకే వరసలో ఉన్నాయి. బోర్డు మీద నేను ఒక సంవత్సరం తప్పు వేశానండి. ఆ తప్పు కూడా నలభై రెండింటిలో ఉంది. వీళ్ళకు యుద్ధం అర్థమైందో, నా బోర్డు అర్థమైందో నాకు తెలీటం లేదు. మార్కులు మాత్రం వేశాను."

"ఒకే పడుగు మీంచి కోసిన చీరలు" అన్నాను.

"అదేనండీ. మీరొచ్చి అడగండి. కొత్త మనిషి అడిగితే ఏం చెబుతారో చూడాలని ఉంది."

అడగటం నాకు చేతనవును. రేపు పదకొండు గంటలకు. ఇస్త్రీ చేసిన కండువా తీయించాను.

జనవరి 21, మంగళవారం

గెలిచాను.

క్లాసులో నలభై రెండు మంది, అందులో ముగ్గురు ఆడపిల్లలు. రావమ్మ నన్ను చూడగానే తల డెస్కులో పెట్టింది. నేను కుర్చీలో కూర్చోలేదు, నిలబడ్డాను. యుద్ధం ఎందుకు వచ్చిందో చెప్పండి అన్నాను.

"ఏ యుద్ధం తాతగారూ, మొదటిదా, రెండోదా?" అన్నాడు ఒకడు.

"పంచె పాడుచేసింది."

మాస్టారు మొదటిది అని చెప్పాడు. క్లాసులో మొదటివాడట, కోటేశ్వరరావు, ప్లీడరు గారబ్బాయి, లేచి చేతులు కట్టుకుని ఊపిరి తీయకుండా చెప్పాడు. అతి జాతీయత, సామ్రాజ్య దాహము, రహస్య ఒడంబడికలు, ఆయుధముల పోటీ, పత్రికల దుష్ప్రచారము, ఆస్ట్రియా యువరాజు హత్య. తర్వాతవాణ్ణి లేపాను. అవే ఆరు. ఆ తర్వాతవాడు, అవే ఆరు. వెనక బెంచీవాణ్ణి లేపితే వాడు కూడా అవే ఆరు, కాకపోతే కళ్ళు మూసుకుని చెప్పాడు. ముగ్గుర్ని అడిగాడు మార్కండేయులు, నేను నలభై రెండు మందిని తెచ్చాను.

అక్కణ్ణుంచి ఆగకుండా గులాబీ కొట్టుకు నడిచాను. చెప్పాను.

మార్కండేయులు వేళ్ళ మీద లెక్కపెట్టాడు. "ఆరున్నాయి గదా బావా. ఒకటి గదా అడిగింది. ఆ ఆరుగుర్లో నా పంచె తడిపింది ఎవరు?"

"ఆరూ కలిసి."

"పోనీ తడిపి చూశావా?"

చూడలేదు.

అతను కండువాతో నోరు మూసుకున్నాడు. భుజాలు కదులుతూనే ఉన్నాయి.

జనవరి 22, బుధవారం

తొందర పడ్డాను. తొందర నాకు అలవాటు కాదు.

జనవరి 23, గురువారం

ఒక రోజు విడిచి మళ్ళీ వెళ్ళాను. పుస్తకాలన్నీ అరుగు మీద పెట్టించి పిల్లల్ని చెట్టు నీడకు రమ్మన్నాను. వరస మార్చి అడిగాను. చివరి కారణం ముందు చెప్పమన్నాను.

కోటేశ్వరరావు నోరు తెరిచి అట్లాగే ఉండిపోయాడు. మొదటినుంచి ఎత్తుకుంటే గాని చివరిది రాదట. నాలుగోది ఏది అంటే మనసులో మూడు లెక్కపెట్టుకుని చెప్పాడు.

"ఆ యువరాజును ఎందుకు కాల్చారు నాయనా?" అన్నాను.

"రెండు మార్కులకండీ."

"రహస్య ఒడంబడిక అంటే ఏంటి?"

"మూడో కారణమండీ."

ఇంకొకణ్ణి అడిగాను. "సామ్రాజ్య దాహం అంటే?"

వాడు చాలాసేపు ఆలోచించి, "వాళ్ళ ఊళ్ళో మంచినీళ్ళు లేవండీ" అన్నాడు. "మనకు కృష్ణ ఉందండీ. వాళ్ళకు లేదండీ."

మాస్టారు చెట్టు చాటుకు వెళ్ళి నిలబడ్డాడు. ఆయన వీపు చూస్తే జాలేసింది. ఏడాదంతా రంగు వేసిన మనిషి. ఒక్క రోజు తడికి మొత్తం దిగిపోయింది.

నేను లేవబోతుంటే ఆమోసు అనే పిల్లవాడు చెయ్యెత్తాడు. వాళ్ళ నాన్న రైలు స్టేషన్లో సామాన్లు మోస్తాడట. పరీక్షలో వాడికి పదికి మూడు వచ్చాయని మాస్టారు తర్వాత చెప్పాడు.

"తాతగారూ, నేను చెప్పొచ్చా అండీ. ఆరు కారణాలు నాకు వరసగా రావండి."

"వరస ఎవడిక్కావాలి, చెప్పు."

"పోయిన నెల పెద్ద బజార్లో కొట్లాట అయిందండీ. ఒక తోపుడుబండి కొండపల్లి బొమ్మల గంపకు తగిలిందండీ. అంబారీ ఏనుగు తొండం విరిగింది. బొమ్మలాయన బండివాణ్ణి కొట్టాడు. బండివాడి బావమరిది బెల్లం కొట్లో పని చేస్తాడు, వాడొచ్చాడు. బొమ్మలాయనకు మిఠాయి కొట్టాయన మాటిచ్చున్నాడంట, ఎవరైనా నీ మీదకొస్తే నేనొస్తానని. ఆయన అట్లకాడ తీసుకొచ్చాడు. సాయంత్రానికి వీధి వీధంతా కొట్టుకున్నారండీ. మా నాన్నక్కూడా తగిలింది. ఆయన ఎవరో రైలు ఎక్కబోయే మనిషి పెట్టె మోస్తున్నాడు, అంతే."

"అయితే తప్పు తొండం విరగ్గొట్టినవాడిది" అన్నాను. నాకు ఆశ పుట్టింది. ఒక్క కారణం దొరికింది.

"కాదండీ. అంతకు ముందు నెల ఇంకో బండి తగిలి గుర్రం బొమ్మ కాలు విరిగిందండీ. అప్పుడేం కాలేదు. ఈసారి అందరూ కొట్టు కింద కర్రలు పెట్టుకునున్నారండీ. ముందునుంచే. తొండం ఒక వంకండీ, అంతే."

నేను చెట్టుకు ఆనుకున్నాను. నలభై ఏళ్ళ నేతలో అంత గట్టి రంగు నేను చూడలేదు. మాస్టారు చెట్టు చాటునుంచి బయటికి వచ్చాడు. ఆయన మొహం వేరుగా ఉంది.

"చౌడయ్య గారూ, తొండం తక్షణ కారణం. కర్రలు మూల కారణం. రెండు నెలలుగా నేను చెబుతున్నది అదేనండీ. వీళ్ళకు ఆస్ట్రియా తెలీదు గాని కారణం అంటే తెలుసు. నాకు ఒక ఆలోచన వచ్చింది. పరీక్ష మీ పంచె మీద పెడదాం."

"నా పంచె మీద?"

"పంచె గులాబీ అగుటకు కారణములు వ్రాయుము. పది మార్కులు. జరిగింది మీరే వచ్చి చెప్పాలి. పిల్లలు మిమ్మల్ని ప్రశ్నలు అడుగుతారు."

ఒప్పుకున్నాను. నిజం చెబితే నలభై రెండు మంది నా వైపే రాస్తారు. మార్కండేయులుకు చదివి వినిపిస్తాను.

జనవరి 25, శనివారం

అటక శుభ్రం చేస్తానంది రావమ్మ. అక్కర్లేదన్నాను.

జనవరి 27, సోమవారం

క్లాసులో మొదటినుంచి చివరిదాకా చెప్పాను. పిల్లలు బాగా విన్నారు. కాళ్ళు మూడు రోజులు గులాబీగా ఉన్న చోట ఎక్కువసేపు నవ్వారు, దానికి నేను అభ్యంతరం చెప్పలేదు. తర్వాత ప్రశ్నలు.

"నీళ్ళు ఎవరు పోశారండీ?" "పురోహితుడు."

"ఎన్ని చెంబులండీ?" "నేను లెక్కపెట్టలేదు."

"పెళ్ళికొడుకు వెంటనే ఎందుకు లేవలేదండీ?" "పీటల మీంచి లేస్తారటయ్యా ఎవరన్నా."

కోటేశ్వరరావు లేచాడు. చెట్టు కింద నాటి కోపం వాడికి నా మీద ఇంకా ఉంది. "దారం తడిపి చూశారా అండీ?"

"తొందర పని అది. ముహూర్తం దగ్గరపడింది."

"చూశారా, చూడలేదా అండీ?"

ప్లీడరు కొడుకు. చూడలేదు అన్నాను.

అప్పుడు ఆమోసు. "తాతగారూ, యుద్ధం వచ్చిన రెండేళ్ళకు గదండీ పెళ్ళి. యుద్ధానికి ముందు కొన్న జర్మనీ రంగు ఇంట్లో ఏమన్నా మిగల్లేదా అండీ?"

"లేదు."

"కొంచెం గూడానా అండీ?"

"లేదన్నాగా."

రావమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది. బయట ఏమీ లేదు. గోడ.

మాస్టారు కాగితాలు పంచాడు. నేనూ ఒకటి తీసుకున్నాను. కూర్చుని రాశాను, నలభై మూడో నెంబరు. గంట పట్టింది. చేతికి నొప్పి.

జనవరి 28, మంగళవారం

నాకు పదికి నాలుగు.

కింద ఎర్ర సిరాతో రాశాడు: మొదటి సగము బాగున్నది. మూల కారణము దాటవేసినారు.

ఎర్ర సిరా మీద ఉమ్మి పెట్టి రుద్ది చూశాను. కదల్లేదు. ఈ కాలం సిరాలు గట్టివి.

పిల్లల పేపర్లు మాస్టారు నాకు చదివి వినిపించాడు. ఆయన చదువుతుంటే నవ్వుకు కుర్చీ ఊగింది. ఒకడు, పంచె తెల్లగా ఉండుటయే మొదటి కారణము, నల్ల పంచె అయినచో ఎవరికీ తెలియదు అని రాశాడు. ఒకడు, పురోహితుడు ఎక్కువ నీళ్ళు పోసెను, ఆయన ఎవరి పక్షమో విచారించవలెను అన్నాడు. జర్మనీ చక్రవర్తికి బెజవాడలో పెళ్ళి ఉన్నదని తెలియదు కనుక ఆయనను తప్పు పట్టరాదు అని రాసినవాడికి మాస్టారు అదనంగా ఒక మార్కు వేశాడు. తక్షణ కారణము నీళ్ళు అని దాదాపు అందరూ రాశారు. మూల కారణము దగ్గర నలభై మంది ఒకే మాట రాశారు. ఈసారి బోర్డు మీద ఏమీ లేదు. ఎవరి మాటల్లో వాళ్ళు రాశారు. అది ఏ మాటో ఇప్పుడే రాయను.

"వీళ్ళకు వచ్చండీ. కారణం అంటే ఏంటో వీళ్ళకు వచ్చు. ఇక ఆస్ట్రియాకు తీసుకెళ్ళటం ఎంతసేపు" అన్నాడు మాస్టారు. కళ్ళు తుడుచుకున్నాడు. నవ్వి వచ్చిన నీళ్ళో మరొకటో నాకు తెలీదు.

రావమ్మ పేపరు ఆయన చదవలేదు. ఎందుకని అడిగితే, తెల్ల కాగితం ఇచ్చిందండీ అన్నాడు.

తర్వాత కొట్టుకు వెళ్ళాను. నేను పిరికివాణ్ణి కాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తడిపి చూడకపోవటమే కారణమని నలభై మంది రాశారని చెప్పాను. మార్కండేయులు ఎంత నవ్వాడంటే గద్దె మీంచి దిగి నిలబడాల్సి వచ్చింది.

"అయిపోయింది గదా బావా. మధుపర్కాలు నేను కొంటాను."

"ఎట్లా కొంటావు? ముగ్గురు పిల్లలు ఒకే కారణం చెప్పాలన్నావు. నలభై మంది చెప్పారు. ఆ కారణం నేను కాకూడదని నువ్వు అనలేదు."

అతని నవ్వు ఆగింది. శౌరమ్మ కొట్టు ముందునుంచి గంప నెత్తిన పెట్టుకుని పోతోంది. పిలిచి అడిగాం.

"కాకూడదని అయ్యగారు అనలేదు. నేనక్కడే ఉన్నా" అంది. "ఆ ఆకుపచ్చ చీర రంగు దిగిందయ్యా, చూడు."

"ఆలోచిస్తాను" అన్నాడు మార్కండేయులు.

జనవరి 29, బుధవారం

అతని దగ్గర్నుంచి కబురు లేదు. పొద్దున వెంకటరావమ్మ వచ్చింది. గోంగూర పచ్చడి తెచ్చింది. గిన్నె దించి, మగ్గం గుంట పక్కన కూర్చుని, చీర కొంగుతో విసురుకుంటూ అడిగింది.

"అన్నయ్యా, డబ్బా ఇంకా అటక మీదే ఉందా?"

"ఏ డబ్బా?"

"ఏనుగు బొమ్మ డబ్బా. జర్మనీ ఎరుపు. నా పెళ్ళినాటికి గాదె వెనకుండేది."

నాడె ఆపాను.

"నీకెట్లా తెలుసు?"

"పన్నెండేళ్ళ పిల్లని. దాగుడుమూతలాడేదాన్ని. దాక్కునేది గాదె వెనకే గదా. మూత కూడా తీయలేదు నువ్వు, లక్క వేసినట్టే ఉండేది."

"మీ ఆయనకు చెప్పావా?"

"ఎందుకు చెప్తాను. చెప్తే నవ్వటం మానేసి కోపం తెచ్చుకుంటాడు. ఇన్నాళ్ళూ రోజుకొకసారి ఆ పంచె తల్చుకుని నవ్వుతూనే ఉన్నాడు. అట్లా నవ్వే మొగుడితో కాపురం చేశాను, నాకేం నష్టం వచ్చింది?"

నేను తెగని దారాన్ని ముడి వేశాను.

"రావమ్మక్కూడా తెలుసులే. నీళ్ళకుండ కోసం అటకెక్కినప్పుడు చూసిందట. నిన్న నా దగ్గరకొచ్చి కూర్చుంది. తాతయ్యది అబద్ధమని రాయలేను, నిజమనీ రాయలేను, ఊరికే ఇచ్చేశాను అమ్మమ్మా అంది. పది మార్కులు పోగొట్టుకుంది పిల్ల."

గోంగూరలో ఉప్పు ఎక్కువైంది. చెప్పలేదు.

జనవరి 30, గురువారం

డబ్బా దించాను. ఒక్క చిటికెడు లేదని పదిహేడో తేదీన రాశాను. కొట్టివేయను. ఉండనీ.

యుద్ధం మొదలైందని కబురు రాగానే కొన్నాను. ఇక రాదని తెలుసు. మంచి రోజుకు వాడాలని దాచాను. చెల్లెలి పెళ్ళి వచ్చింది. దానికి పొట్లం రంగు చాలనుకున్నాను, అంచే గదా, రెండు వేళ్ళ వెడల్పు. ఇంకా మంచి రోజు ముందుందనుకున్నాను. మా అబ్బాయి పెళ్ళి వచ్చింది, అప్పుడూ తీయలేదు. చెల్లెలి పెళ్ళికంటే మంచి రోజు ఏది అని ఆమోసు నిలబెట్టి అడిగితే నేనూ తెల్ల కాగితమే ఇవ్వాలి.

పొట్లం రంగును తడిపి కూడా చూడలేదు. చూస్తే దిగేదని తెలుసు. దిగితే డబ్బా తీయాలి.

మూత రాలేదు. ఉలి పెట్టి లేపాను. లోపల గడ్డకట్టింది, అయినా ఎరుపు ఎరుపే. దంచాను. పటిక పట్టించిన నూలు ఉంది, ఈ నెల కోటాలోది, అంచుకు సరిపోతుంది. రావమ్మ బడి మానేసి పొయ్యి దగ్గర కూర్చుంది. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. నూలు కాగులో తిప్పుతూ ఒకసారి మాత్రం అంది:

"తక్షణ కారణం పొట్లం తాతయ్యా. మూల కారణం డబ్బా."

"పదికి ఎన్ని?"

"ఎనిమిది. ఆలస్యంగా ఇచ్చావు గదా."

జనవరి 31, శుక్రవారం

దారం తడిపి, తెల్లగుడ్డలో చుట్టి, రుబ్బురాయి కింద పెట్టాను. ఎవరినీ ముట్టుకోవద్దన్నాను. నేనే నాలుగుసార్లు వెళ్ళి రాయి చూసి వచ్చాను. రాయి అట్లాగే ఉంది.

ఫిబ్రవరి 1, శనివారం

విప్పాను. గుడ్డ తెల్లగా ఉంది. రావమ్మ చూసింది. గోంగూర గిన్నె కోసం వెంకటరావమ్మ వచ్చి చూసింది. వెలుతురులో పెట్టి మళ్ళీ చూశాను. తెల్లగానే ఉంది.

మార్కండేయులుకు ఉత్తరం రాసి పంపుతున్నాను. ముందు ఇక్కడ రాసుకుంటున్నాను, తప్పులు పోవటానికి.

బావా,

ఈ ఉత్తరంతో ఒక గుడ్డ పంపాను. చూడు. ఎక్కడా గులాబీ లేదు. ఎర్ర దారం దానిలోనే ఒక రోజంతా రాయి కింద ఉంది. నువ్వు కావాలంటే మళ్ళీ తడుపు. నీ కొట్లో శౌరమ్మ ఉంటే ఆమెను కూడా చూడమను.

ఇది జర్మనీ ఎరుపు. నీ పెళ్ళినాడు కూడా ఇది మా ఇంట్లో ఉంది. గాదె వెనక. యుద్ధం దాన్ని నా చేతిలోంచి లాక్కోలేదు. నేనే తీయలేదు. ఈ ఒక్క ముక్క చెప్పటానికి ముప్ఫై ఒక్క ఏళ్ళూ నలభై రెండు మంది పిల్లలూ పట్టారు. నవ్వాలంటే నవ్వు, కోపం వస్తే కోపపడు. రెండూ ఒకేసారి వద్దు, మా చెల్లెలు తట్టుకోలేదు.

యుద్ధం ఎందుకు వచ్చిందో ఇప్పటికీ నాకు పూర్తిగా తెలీదు. జానకిరామయ్య మాస్టారు సోమవారం నుంచి మళ్ళీ మొదలుపెడతాడట, తోపుడుబండి నుంచి. నేను వెనక బెంచీలో కూర్చుంటానని చెప్పాను.

పందెం మాట పందెం మాటే. ముగ్గురు కాదు, నలభై మంది ఒకే కారణం చెప్పారు. ఇప్పుడు నాతో కలిపి నలభై ఒక్కరు.

తెల్ల పడుగు మగ్గం మీద సిద్ధంగా ఉంది. అంచు దారం సిద్ధంగా ఉంది. పెళ్ళి తొమ్మిదో తేదీ. నేయటానికి నాకు అయిదు రోజులు కావాలి, అరవై ఆరేళ్ళవాణ్ణి, పరుగెత్తించకు. కనుక ఎల్లుండి సోమవారం, మూడో తేదీ, మధ్యాహ్నం భోజనాల వేళ లోపల నువ్వే మా ఇంటికి వచ్చి చెప్పాలి. మనిషిని పంపితే చెల్లదు. ఆలోచిస్తాను అంటే చెల్లదు. గుమ్మంలో నిలబడి నవ్వి వెళ్ళిపోతే అసలు చెల్లదు.

ఏడుకొండలు నా మధుపర్కాలు కడతాడా, కట్టడా?